ఆదివారం నాట్లు

ఫ్యాను సంగతి

నేను బెజవాడ లేబర్ ఆఫీసులో చేరేటప్పటికి రాజీ మాటలు జరిగే గదిలో ఫ్యాను ఒకటే ఉండేది, అదీ ఓ మూలకి. గది మధ్యలో పొడుగాటి బల్ల. బల్లకి అటు యజమానులు, ఇటు పనివాళ్ళు కూర్చోవాలని ఎవరో పుస్తకాలు చదివినాయన అమర్చి వెళ్ళాడు. బెజవాడ ఎండల్లో ఆ అమరిక ఎంతోసేపు నిలిచేది కాదు. ముందు యజమాని తరఫు ప్లీడరు కుర్చీ జరుపుకునేవాడు. వెనకాలే యూనియన్ నాయకుడు జరిగేవాడు. కాసేపట్లో ఇద్దరూ ఫ్యాను కింద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని తిట్టుకుంటూ ఉండేవారు. అంత దగ్గరగా కూర్చుని ఎక్కువసేపు తిట్టుకోవడం కష్టం. గొంతు దానంతటదే తగ్గుతుంది.

కొత్తలో నేను ఉత్సాహం కొద్దీ రెండో ఫ్యాను కోసం అర్జీ రాస్తే మా పెద్దాఫీసరు గారు దాన్ని చించి బుట్టలో వేశారు. "ఆ ఫ్యాను మన స్టాఫయ్యా. దానికి తోడు తెచ్చావంటే ఒక్క కేసూ తెగదు" అన్నారు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆయన చెప్తే నేర్చుకున్నాను. మిగతా సగం ఆయన చెప్పింది తప్పని తేలినప్పుడు నేర్చుకున్నాను. ఆయన సూత్రాలు మూడు. సంతకాలు అయ్యేదాకా ఎవరికీ టీ చెప్పకూడదు, టీ తాగినవాడికి తొందర ఉండదు. ఏ పక్షం ఇంట్లోనూ భోజనం చేయకూడదు. ఇక మూడోది ఆయన అర్థశాస్త్రం. కూలి రేటు అంటే వంకాయల ధర లాంటిదట. మార్కెట్టుకి బుట్టలు ఎక్కువొస్తే ధర పడుతుంది, తక్కువొస్తే లేస్తుంది, ఇందులో మనం చేసేదేమీ లేదు, మనది తూకం సరిగ్గా ఉందో లేదో చూసే పని మాత్రమే. వంకాయకి ఆకలి వెయ్యదు కదండీ అని ఒకసారి అన్నాను. నీకు ప్రమోషన్ ఆలస్యమవుతుంది అన్నారు. ఆ జోస్యం మాత్రం నిజమైంది.

ప్రమోషన్ల గురించి ఇంకేమీ రాయను. వచ్చినవాటిలో నా గొప్ప లేదు, రానివాటిలో నా తప్పు లేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి పనికొస్తుందని ఒక మనిషి కథ రాస్తున్నాను. ఆ మనిషి నా ముందుకి మూడుసార్లు వచ్చాడు.

గేటు దగ్గర

డెబ్భైల్లో బెజవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో కరెంటు స్టేషన్ కడుతున్నారు. పెద్ద పనులు పెద్దవాళ్ళు చేసుకునేవారు. మట్టిపని, రాళ్ళు మోసే పని చిన్న చిన్న కాంట్రాక్టర్ల చేతుల్లో ఉండేది. అలాంటి ఒక కాంట్రాక్టరు తన పనికి మనుషులందర్నీ దివి తాలూకా నుంచి తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పోయి గేటుకి అడ్డంగా కూర్చున్నారు. బయటివాళ్ళని పంపేసి మాకు పని ఇవ్వాలన్నారు.

ఆ "బయటివాళ్ళు" అనే మాట విని నాకు నవ్వొచ్చింది. అదే జిల్లా, అదే మాట, అదే గోంగూర. బస్సెక్కితే పొద్దున బయల్దేరినవాడు భోజనాల వేళకి చేరే దూరం. నవ్వకుండా ఉండాల్సింది. పరాయితనానికి మైళ్ళతో పనిలేదు. మన పనికి పోటీ వచ్చినవాడు పక్కవీధివాడైనా పరదేశే.

ఇరుపక్షాల్నీ పిలిపించాను. స్థానికుల తరఫున కోటేశ్వరరావు అనే అతను వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పెద్ద గొంతు. కట్టడం మొదలైనప్పటి నుంచీ ఊళ్ళో బావుల మీద కూడా దుమ్మేనని, ఎద్దులు కూడా దగ్గుతున్నాయని చెప్పి చివర్లో ఒక మాట అన్నాడు. "దుమ్ము మాకూ, కూలి వాళ్ళకూనా అండీ?" 

అవతల పక్కన ఏసుదాసు. అప్పటికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. సన్నటి మనిషి, గుడికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని వచ్చాడు. అతనిది చల్లపల్లి అవతల ఒక ఊరికి ఎడంగా ఉన్న పాలెం. తాతల నాటి నుంచి క్రైస్తవులు, పొలం పనుల వాళ్ళు. వేసవిలో కాలవలు కట్టేస్తే అక్కడ మగవాళ్ళకి పనుండదు. అందుకని వచ్చారు. అతను కోటేశ్వరరావులా గొంతు పెంచలేదు.

"పనెక్కడుంటే అక్కడికొచ్చామండి. ఆకలికి నీ ఊరు, నా ఊరు అని ఉంటదాండి?"

నాకా మాట ఎంతో నచ్చింది. ఫ్యాను కింద కోటేశ్వరరావు కూడా తల దించుకున్నాడు.

రాజీ కుదిర్చాను. సగం మంది ఊరివాళ్ళు, సగం మంది దివివాళ్ళు, ఇద్దరికీ సమానమైన కూలి. సమానం అనేసరికి కాంట్రాక్టరు ముఖం వెలిగిపోయింది. సంతకం పెట్టి, టీ తాగి, నా వంతు బిస్కెట్లు కూడా తిన్నాడు. యజమాని ఇష్టంగా సంతకం పెట్టిన కాగితాన్ని మరోసారి చదవాలని నాకప్పటికి తెలీదు. పెద్దాఫీసరు గారు వీపు తట్టారు, నేను ఉబ్బిపోయాను.

ఆ తర్వాత బియ్యం ధర పెరిగింది, బస్సు టిక్కెట్టు పెరిగింది, కట్టడంలో మిగతా కాంట్రాక్టర్ల దగ్గర కూలి పెరిగింది. ఈయన దగ్గర పెరగలేదు. ఊరివాళ్ళు అడిగితే దివివాళ్ళని చూపించేవాడు, వాళ్ళు ఈ రేటుకే చేస్తున్నారు కదా అని. దివివాళ్ళు అడిగితే ఊరివాళ్ళని చూపించేవాడు. సమానం అని రాశానే గానీ పైకి సమానమో, కిందకి సమానమో నేను రాయలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. బయటి నుంచి మనుషులు వస్తే కూలి పడిపోతుందని అందరూ అంటారు. నేను చూసినంతలో అలా తటాలున పడడం తక్కువ. పెరగాల్సినప్పుడు పెరగకుండా ఆగిపోతుంది. తగ్గిన కూలి మీద అర్జీ వస్తుంది. రాని పెరుగుదల మీద అర్జీ ఎవరూ రాయరు, మనమూ ఊరు ప్రశాంతంగా ఉందని రిపోర్టు రాసుకుంటాం.

డల్లు

తర్వాత ఆయిల్ ధరలు పెరిగాయి, బ్యాంకులు అప్పులు బిగించాయి. పేపర్లు దాన్ని ఆర్థిక మాంద్యం అని రాసేవి. బెజవాడలో లారీలకి బాడీలు కట్టే షెడ్లలో డల్లు అనేవారు. వడ్రంగులు, వెల్డర్లు షెడ్డు ముందు బీడీలు కాలుస్తూ కూర్చునేవారు. మా కాంట్రాక్టరు కూడా ఓ రోజు పని ఆపేసి పోయాడు. ఏసుదాసు వాళ్ళ పాలెంలో మాంద్యమనీ అనలేదు, డల్లనీ అనలేదు. మగాళ్ళు ఇంటికొచ్చేశారు అన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్కడ వేరే కథ నడుస్తోంది. మగాళ్ళు కట్టడం పనికి పోయిన రోజుల్లో ఊళ్ళో కూలీలు చాల్లేదు. కూలి పెరిగింది. రైతులు గోల పెట్టి శ్రీకాకుళం నుంచి నాట్ల ముఠాని పిలిపించుకున్నారు. భార్యాభర్తలు జంటలుగా వస్తారు, నారు పీకడం నుంచి నాటడం దాకా ఎకరానికి ఇంత అని గుత్తకి చేస్తారు, స్కూలు వసారాలో పడుకుంటారు. మొదట్లో వాళ్ళకి ఇచ్చింది ఆదివారాలే.

ఆదివారం సంగతి చెప్పాలి. పాలెంలో ఆదివారం పొలంలో అడుగు పెట్టరు. గుడి, అంటే వాళ్ళ చర్చి, ఆ తర్వాత భోజనం, అంతే. అది తరాల నాటి కట్టుబాటు. రైతులు కూడా దానికి అలవాటుపడి ఆ రోజు మళ్ళు దున్నుకుని దమ్ము చేసుకునేవారు. కానీ ఆ పొలాలు కాలవ చివర. నీళ్ళు వంతులవారీగా వస్తాయి. వంతు ఆదివారం పడిందంటే నీళ్ళు ఉన్నప్పుడు మనుషులు ఉండరు, మనుషులు ఉన్నప్పుడు నీళ్ళు ఉండవు. ఆ సందులోంచి శ్రీకాకుళం ముఠా ఊళ్ళోకి వచ్చింది. ఆదివారం సందులోంచి దూరి వారమంతా పరుచుకుంది.

ఇప్పుడు మగాళ్ళు తిరిగొచ్చారు. పాలెంలో చేతులు ఎక్కువయ్యాయి, స్కూలు వసారాలో ఇంకో ముఠా ఉంది, నాటాల్సిన పొలం మాత్రం అంతే ఉంది. ఆ నెలరోజుల నాట్ల డబ్బే పాలెంకి సంవత్సరం పొడుగునా తిండిగింజలు. కట్టడం కూలి ఎలాగూ పోయింది, ఇది కూడా పోతే చలికాలానికి పస్తులే. శ్రీకాకుళంవాళ్ళ సంగతీ అంతే. వాళ్ళ ఊళ్ళో వానలు లేవు, మేస్త్రి దగ్గర తీసుకున్న బయానా అక్కడే తినేసి బయల్దేరారు, ఉత్త చేతులతో తిరిగి వెళ్ళలేరు. ఓ సాయంత్రం కాలవ గట్టు మీద రెండు పక్షాలూ కర్రలు తీశాయి. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు కానీ తాసీల్దారు గారు భయపడి మా ఆఫీసుకి కబురు పెట్టారు.

పొలం కూలీల తగాదా నా పరిధిలోకి వస్తుందో రాదో చట్టంలో స్పష్టంగా లేదు. అదే అడిగితే పెద్దాఫీసరు గారు, "వెళ్ళు. కానీ వెళ్ళినట్టు ఉండకు" అన్నారు.

స్కూలు వసారా

ఊరి పేరు రాయను. అక్కడి పెద్దరైతు వెంకటసుబ్బయ్య గారు మా పెద్దక్క భర్తకి పెదనాన్న కొడుకు, అంటే నాకు బావగారి వరస. కృష్ణా డెల్టాలో చుట్టం తగలని ఊరు వెతుక్కుని తగాదా తీర్చాలంటే ఆఫీసరుని రాయలసీమ నుంచి తెప్పించాలి. ఊళ్ళో హోటలు లేదు. కాబట్టి పెద్దాఫీసరు గారి రెండో సూత్రం మొదటి పూటే గంగలో కలిసింది, నేను వెంకటసుబ్బయ్య గారింట్లో దిగాను.

ఆయన చెడ్డవాడని అనుకోవద్దు. ఎరువుల ధర చూస్తే ఆయనకీ గుండె దడే. వడ్లు సర్కారు లెవీకి పోయాక మిగిలినవి అమ్మితే పెట్టుబడి వస్తే గొప్ప. పైనుంచి ఆయన్ని నొక్కుతున్నారు, ఆయన కిందకి నొక్కుతున్నాడు. ఇందులో విచిత్రమేమీ లేదు. ఎటొచ్చీ, కింద ఉన్నవాడికి నొక్కడానికి ఇంకెవరూ ఉండరు.

పుస్తకంలో రాసినట్టే ముందు ఒక్కో పక్షంతో విడివిడిగా మాట్లాడాను. పాలెం వాళ్ళు శ్రీకాకుళం వాళ్ళని తిట్టారు. శ్రీకాకుళం వాళ్ళు పాలెం వాళ్ళని తిట్టారు. రైతులు ఇద్దరి మీదా జాలిపడ్డారు. శుక్రవారం మధ్యాహ్నం అందర్నీ స్కూలు వసారాలో కలిపి కూర్చోబెట్టాను. అటు రైతులు, ఇటు పాలెం, ఆ చివర శ్రీకాకుళం ముఠా. ఫ్యాను లేదు, అసలు ఊళ్ళోకి కరెంటే రాలేదు. నా స్టాఫు లేకుండా ఏం చేస్తానా అనుకుంటుండగా వాన మొదలైంది. వసారా పెంకులు ఎక్కడికక్కడ కారాయి. కారని చోటు గుమ్మం పక్కన ఒక్కటే. మూడు పక్షాలూ తిట్టుకుంటూనే అక్కడికి జరిగి ఒక ముద్దలా నిలబడ్డాయి. దేవుడు కూడా మా ఆఫీసులో కొంతకాలం పనిచేసి ఉంటాడు.

పాలెం తరఫున మాట్లాడడానికి ముందుకి వచ్చిన మనిషిని చూసి నేను ఆశ్చర్యపోయాను. ఏసుదాసు. అదే తెల్లచొక్కా. నన్ను గుర్తుపట్టాడు, గుర్తుపట్టనట్టు మొహం పెట్టాడు. పక్కన వాళ్ళమ్మ మరియమ్మ ఉంది. పాలెం ఆడవాళ్ళ నాట్ల ముఠాకి ఆవిడే పెద్ద. మనిషి పొట్టి, గొంతు మాత్రం నాలుగు మళ్ళ అవతలికి వినిపిస్తుంది.

"ఈ పొలాలు మా తాతల కాడ్నించీ మేం నాటామండి" అన్నాడు ఏసుదాసు. "ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి నోటికాడ కూడు లాక్కుంటంటే చూస్తా ఊరుకోమండి. వాళ్ళని బస్సెక్కించండి, అంతే."

కోటేశ్వరరావే వచ్చి మాట్లాడుతున్నట్టు ఉంది. దుమ్ము ఒక్కటే తక్కువ.

శ్రీకాకుళం ముఠా మేస్త్రి సింహాచలం తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. నాకు దణ్ణం పెట్టి అన్నాడు. "మా వూళ్ళల్ల వానల్నేవు బాబూ. పనెక్కడుంటే అక్కడికొచ్చినాం. ఆకలికి నీ వూరు, నా వూరు ఉంటాదేటి?"

ఏసుదాసు నా వైపు చూశాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. ఈ మాట నువ్వే అన్నావు కదయ్యా, మా ఆఫీసులో, ఫ్యాను కింద, అని నేనొక్క ముక్క అంటే చాలు, అతని పని అయిపోయేది. నాకు అనాలనీ అనిపించింది, అంత అందంగా కుదిరిన అవకాశం ఉద్యోగంలో మళ్ళీ రాదు. కానీ అతని వెనకాల పాలెం అంతా నిలబడి ఉంది. నేను వానని చూస్తూ ఊరుకున్నాను.

ఊరుకున్నందుకు లాభమేమీ లేకపోయింది. వాళ్ళమ్మే అంది. "ఒరే ఏసూ, ఇబ్రాహింపట్నం నుంచొచ్చి నువ్వు మాకు చెప్పిన మాటే కదరా ఇది? పాస్టరు గారిక్కూడా చెప్పావు."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు అందరికీ అంటుకుంది. సింహాచలం భార్య గౌరమ్మ, మరియమ్మ పక్కనే ఇరుక్కుని నిలబడి ఉంది, ఆవిడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో మరియమ్మ ఆవిడ వైపు తిరిగి, మీరు ఎకరాకి ఇంకా తగ్గించడానికి ఒప్పుకున్నారంటగా అమ్మాయ్, అని అడిగింది.

గౌరమ్మ నవ్వు ఆగిపోయింది. "మేమెక్కడమ్మా? తగ్గడానికి మీరే ఒప్పీసుకున్నారని సెప్పినారు. అందుకే మమ్మల్నీ రేటు దిగమంటన్నారు."

 అందరూ వెంకటసుబ్బయ్య గారి వైపు చూశారు. ఆయన కప్పు వైపు చూశారు. "ఈ పెంకులు మార్పించాలి" అన్నారు.

రెండు రోజులు నేను వాళ్ళతో విడివిడిగా మాట్లాడి సాధించలేనిది వాన ఒక గంటలో సాధించింది. విడివిడిగా మాట్లాడడంలో ఉన్న చిక్కు అదే. కాంట్రాక్టరు ఏం చేశాడో, బావగారు ఏం చేశారో, చట్టప్రకారం నేనూ అదే చేశాను. మా పెద్దాఫీసరు గారి వంకాయల సూత్రంలో లోపం ఎక్కడుందో కూడా నాకు అప్పుడే తెలిసింది. ఈ బుట్టలో వంకాయ ఆ బుట్టలో వంకాయతో మాట్లాడదు.

సంతకాలు మాత్రం కాలేదు. రైతులు మొహాలు ముడుచుకుని, ఆదివారం వంతు నీళ్ళు వస్తాయి, అప్పుడు ఎవరికి ఎవరు కావాలో తెలుస్తుంది అంటూ లేచిపోయారు. వాన తగ్గాక వెళ్తూ వెళ్తూ మరియమ్మ, ఆదివారం గుడయ్యాక మీరందరూ మా దగ్గరే అన్నం తినాలని గౌరమ్మకి చెప్పింది. మర్యాదకి అందనుకున్నాను. పాలెంలో ఎవరింట్లోనైనా మిగిలిన గింజలెన్నో నాకు తెలుసు. ఈ పరిస్థితుల్లో ఇంకో ముఠాకి అన్నం పెట్టడం ఎంత పెద్ద సాహసమో అప్పుడు ఆలోచించలేదు.

భోజనానికి నోటీసు

ఆదివారం మధ్యాహ్నం నేను వెంకటసుబ్బయ్య గారింట్లో పీట మీద కూర్చున్నాను. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, గుమ్మడికాయ పులుసు. బావగారు మంచి హుషారుగా ఉన్నారు. తెల్లారుజామునే వంతు నీళ్ళు వచ్చాయి. శనివారం పీకించిన నారు కట్టలు గట్టు మీద సిద్ధంగా ఉన్నాయి. ఆదివారం కాబట్టి పాలెం రాదు, శ్రీకాకుళం ముఠా దిగుతుంది, సాయంత్రానికి పాలెం దారికొస్తుంది. రేపు నీ సంతకాలు నువ్వు తీసుకుపోవచ్చు బావా, అని మజ్జిగ పోయించారు.

అప్పుడు పాలేరు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పొలంలో ఒక్క పురుగు కూడా లేదట. మళ్ళు నిండి నీళ్ళు మురుగుకాలవలోకి పోతున్నాయట. శ్రీకాకుళం వాళ్ళు పిల్లాపాపలతో సహా పాలెంలో బంతి భోజనాలకి కూర్చున్నారట.

బావగారు చెయ్యి కడుక్కోకుండానే లేచారు. "బావా, ఇది సమ్మె. నోటీసు లేకుండా సమ్మె చేయొచ్చా?"

"సమ్మెకి కావాలి గానీ, భోజనానికి నోటీసు అక్కర్లేదు బావగారూ" అన్నాను. మజ్జిగన్నం ముగించి ఆయన వెంట వెళ్ళాను.

ఆయన పాలెం దాకా రావడం అదే మొదటిసారి అనుకుంటాను. మొదటి ఇంటి దగ్గరే ఆగిపోయారు, ఇంకో అడుగు వేయలేదు. లోపల గుడి ముందు తాటాకు పందిరి కింద బంతులు సాగుతున్నాయి. అన్నం, పప్పుచారు, ఎండుచేపల పులుసు. ఏసుదాసు వడ్డిస్తున్నాడు. సింహాచలం విస్తరి ముందు ఆగి, ఇంకాస్త వేసుకో అన్నట్టు గరిట చూపించి, అతను చెయ్యి అడ్డం పెట్టినా వేశాడు. అన్నాల సందులో మాటలు కూడా అయిపోయాయని తర్వాత తెలిసింది. రెండు ముఠాలూ పని సగం సగం పంచుకోవాలి. రేటు ఒక్కటే, మగాళ్ళు ఊళ్ళో లేని రోజుల్లో నడిచిన రేటు. దానికి తక్కువకి ఎవరు దిగినా రెండు ముఠాలకీ పరాయివాళ్ళే.

మరియమ్మ చేతులు తుడుచుకుంటూ బావగారి దగ్గరికి వచ్చింది. ఎంతో వినయంగా ఉంది.

"ఆదివారం పని మాట మాట్లాడమండి బాబుగారూ. రేపు పొద్దున రండి."

ఆయన ఎండలో నిలబడే ఉన్నారు. వెనకాల ఆయన నీళ్ళు ఆయన పొలం దాటి పోతున్నాయి. నాకు ఆయన మీద జాలేసింది, అది దాచను. కానీ నవ్వు కూడా వచ్చింది, అదీ దాచను.

సోమవారం తెల్లవారకముందే ఆయన మిగతా రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చి వాళ్ళు అడిగిన రేటుకే ఒప్పుకున్నారు. వంతు పూర్తయ్యేలోపు నాట్లు పడ్డాయి. ఒప్పందం కాగితం నేను రాశాను. ఆఫీసర్ గారు కుదిర్చిన రాజీ అని తాసీల్దారు గారు పైకి రాశారు. పెద్దాఫీసరు గారు మళ్ళీ వీపు తట్టారు. ఈసారి ఉబ్బడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఇది విజయగాథలా రాస్తున్నానని అనుకోకండి. డల్లు డల్లే. కూలి నిలబడింది గానీ పని పంచుకున్నారు కాబట్టి ఒక్కొక్కరికీ పనిరోజులు తగ్గాయి. ఆ చలికాలం పాలెంలో ఒంటిపూట తిన్న ఇళ్ళు ఉన్నాయి, శ్రీకాకుళం వాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళింది కూడా అనుకున్నదానికన్నా తక్కువే. దేశంలో పనే లేనప్పుడు దాన్ని ఏ రాజీ పుట్టించలేదు. ఉన్నదాన్ని ఒకరి పేరు చెప్పి ఇంకొకరి దగ్గర లాక్కోకుండా మాత్రం చూడగలదు. అదీ కలిసి అన్నం తిన్నాకే.

నేను బస్సెక్కుతుంటే ఏసుదాసు నా సంచి తెచ్చి ఇచ్చాడు. "గేటు కాడ సంగతి మీరు బయటపెట్టలేదండి" అన్నాడు.

మీ అమ్మ నాకా అవకాశం ఇవ్వలేదు కదయ్యా అన్నాను. సిగ్గుపడ్డాడు.

మూడోసారి

దశాబ్దం చివరికొచ్చేసరికి కట్టడాల్లో పని మళ్ళీ ఊపందుకుంది. ఏసుదాసు ఈసారి పెళ్ళాం పిల్లలతో సహా ఇబ్రహీంపట్నం వచ్చి, గుడిసె వేసుకుని, రేషన్ కార్డు కూడా సంపాదించి అక్కడివాడైపోయాడు. దుమ్ము అతనికీ అలవాటైంది. అప్పుడు పాలమూరు నుంచి కొత్త ముఠాలు దిగాయి. గేటు దగ్గర ఊరివాళ్ళు మళ్ళీ అడ్డం కూర్చున్నారు. ఇరుపక్షాల్నీ మా ఆఫీసుకి పిలిపించాను.

స్థానికుల తరఫున కోటేశ్వరరావు వచ్చాడు. పక్కన, అతని మనిషిగా, ఏసుదాసు. జుట్టు కాస్త నెరిసింది. చొక్కా కొత్తది. అవతల పాలమూరు మేస్త్రి, భుజాన గొంగడితో, కుర్చీ అంచున కూర్చున్నాడు. మధ్యలో కొత్త కాంట్రాక్టరు మేనేజరు కాళ్ళు చాపుకుని ఉన్నాడు. వాళ్ళు తక్కువకి చేస్తామంటున్నారు, వీళ్ళు ఎక్కువ అడుగుతున్నారు, నేనేం చేయను సార్ అంటున్నాడు. ఆ మాట నాకు కంఠతా వచ్చు.

కరెంటు స్టేషన్ తగాదా తేల్చే రోజున కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. కుర్చీలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కోటేశ్వరరావు తన దుమ్ము, ఎద్దుల దగ్గు మొదలుపెట్టి, బయటివాళ్ళు అనే మాట దాకా వచ్చాడు. ఇక వంతు ఏసుదాసుది. లేచి నిలబడ్డాడు. పాలమూరు మేస్త్రిని చూశాడు, నన్ను చూశాడు. ఆ మేస్త్రి ఏమనబోతున్నాడో ఆ గదిలో మా ఇద్దరికే తెలుసు.

ఏసుదాసు తన కుర్చీ తానే ఎత్తుకుని బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, మేస్త్రి పక్కన, మోకాలికి మోకాలు తగిలేలా వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఆదివారం మీవాళ్ళు ఖాళీయేనా? అందరూ మా గుడి కాడికి అన్నానికి రావాల."

కోటేశ్వరరావు ఏదో అనబోతే చేత్తో వారించాడు. మేనేజరు మాత్రం చాలా సంతోషించాడు. చూశారా సార్, మా సైటులో ఎంత సఖ్యతగా ఉంటారో, అన్నాడు.

చూశానండీ అన్నాను. ఆదివారం దాకా తొందర లేదు కాబట్టి సంతకాల మాట ఎత్తకుండానే ప్యూన్ని పిలిచి అందరికీ టీ చెప్పాను. మేనేజరుకి బిస్కెట్లు కూడా తెమ్మన్నాను.